నడినెత్తి మీద నేను చూసి చెప్పనిది

ఇరవై ఆరేళ్లు లండన్ పక్కన హేస్‌లో జుట్టు కత్తిరించాను. పోయిన వేసవిలో మోకాళ్లు ఇక మావల్ల కాదన్నాయి, మానేశాను. ఇక్కడి కాలేజీలో హెయిర్‌డ్రెస్సింగ్ నేర్పే శిరీష, "కొత్తగా ఈ పనిలోకి వచ్చే పిల్లల కోసం మీ అనుభవాలు రాయండి ఆంటీ" అని వెంటపడింది. కత్తెర ఎలా పట్టుకోవాలో, కస్టమర్‌తో నవ్వుతూ ఎలా మాట్లాడాలో రాస్తాననుకుని ఉంటుంది. అవి వాళ్లకి కాలేజీలోనే వస్తాయి. నేను రాసేది వేరు. కోపంగా రాస్తున్నాను, అది కూడా ముందే చెబుతున్నా. ఆ కోపంలో ఎక్కువ భాగం నా మీదే.

ఇంటిపేరు ఏంటండీ

మా నాన్న తెనాలిలో మంగలి షాపు నడిపాడు. ఆ మాట నేను అంటాను. మీరు అనకండి, మీరు ఏ గొంతుతో అంటారో నాకు తెలుసు.

పెళ్లయి ఈ దేశం వచ్చాక ఏ పనైనా చేస్తాను కానీ ఆ పని మాత్రం చేయనని ఒట్టు పెట్టుకున్నాను. ఎయిర్‌పోర్ట్‌లో టాయిలెట్లు కడిగాను, కేర్ హోమ్‌లో ముసలివాళ్లకు స్నానాలు చేయించాను. ఆ కేర్ హోమ్‌లోనే ఒక పెద్దావిడ జుట్టు దువ్వుతుంటే నా చేతులకు ఆ పని ఎంత బాగా తెలుసో నాకే అర్థమైంది. కాలేజీలో చేరాను.

వాట్‌ఫర్డ్‌లో ఒక సీమంతానికి వెళ్లినప్పుడు ఒకావిడ "మీరేం చేస్తారండీ?" అని అడిగింది. హెయిర్‌డ్రెస్సర్‌ని అన్నాను. "ఓ, బ్యూటీ సెలూనా, నైస్! మీ ఇంటిపేరు ఏంటండీ? ఏ ఊరు?" చెప్పాను. ఆవిడ తన ప్లేటు తీసుకుని పక్క టేబుల్‌కి వెళ్లింది. గంట తర్వాత ఆవిడే కిచెన్‌లో నన్ను ఒంటరిగా పట్టుకుని, క్లిప్పు తీసి తల వంచింది. "కాస్త చూడరూ, ఇక్కడ పలచబడిందా?"

చూశాను. చూడకుండా ఉండలేను. మనిషికి తన నడినెత్తి తనకు కనబడదు. అమ్మకు కనబడదు, మొగుడు పట్టించుకోడు. జీపీ, అంటే ఇక్కడి ఫ్యామిలీ డాక్టర్, దగ్గర కూర్చునేది పది నిమిషాలు, అందులో ఆయన చూసేది కంప్యూటర్‌ని. కుర్చీ వెనక ముప్పావుగంట నిలబడి, తడి జుట్టును పాయలు పాయలుగా విడదీసి చూసేది మనమే. జుట్టు ఊడటం అందరికన్నా ముందు మనకే తెలుస్తుంది. ఈ పనిలో ఉన్న బరువంతా అక్కడే ఉంది. నాకు అది ఎవరూ చెప్పలేదు. చెప్పినవాళ్లు దాన్ని వేరేలా వాడుకోవడం నేర్పారు.

డెనీస్ నేర్పిన విద్య

నేను ఎక్కువ కాలం పనిచేసిన సెలూన్ ఓనర్ పేరు డెనీస్. మంచి పనిమంతురాలు. నన్ను లక్ష్మి అనడం రాక లకీ అనేది. నా రంగు చూసి ఎవరైనా తేడాగా మాట్లాడితే షాపులోంచి బయటికి పంపేసేది. అందుకే ఆమె ఏం చెప్పినా విన్నాను.

ఒక ఏడాది డెనీస్ జుట్టు ఒత్తుగా పెంచుతుందనే సీరమ్ ఒకటి తెప్పించి, అద్దాల కింద వరసగా పెట్టించింది. మమ్మల్ని నలుగురినీ నిలబెట్టి అమ్మడం నేర్పింది. "ఏమీ అమ్మొద్దు. దువ్వెనతో జుట్టు పైకెత్తండి. ఆగండి. మనసులో మూడు లెక్కపెట్టండి. ఏమీ మాట్లాడొద్దు. వాళ్లే అడుగుతారు."

అంతే. నిజంగా అంతే. ఎత్తి ఆగితే చాలు, అద్దంలో వాళ్ల ముఖం మారిపోతుంది. "ఏమైంది?" అంటారు. అప్పుడు మనం, "ఏం లేదు... మీ నాన్నగారికి జుట్టు ఉందా?" అనాలి. ఆ ప్రశ్న కూడా డెనీస్ ఇచ్చిందే. ఆ తర్వాత సీసా వాళ్లంతట వాళ్లే తీసుకుంటారు.

నేను ఆ విద్యలో అందరికన్నా ముందున్నాను. సిగ్గు లేకుండా చెబుతున్నా, ఎందుకంటే మీకూ ఎవరో ఒకరు ఏదో ఒక పేరుతో ఇదే నేర్పుతారు. ఇప్పుడు కెమెరాలు వచ్చాయి, తలమీద చర్మాన్ని టీవీ అంత పెద్దగా చూపించే యంత్రాలు. యంత్రం మారింది కానీ, చేసే దొంగపని అదే.

రెండు సుళ్ల నిఖిల్

నిఖిల్‌కి అప్పుడు ఇరవై ఒకటి. గుంటూరు పిల్లాడు, మాస్టర్స్ చదువుతూ ఎయిర్‌పోర్ట్ పక్కన గోడౌన్‌లో షిఫ్టులు చేసేవాడు. తలలో రెండు సుళ్లున్నాయి. సుడి దగ్గర జుట్టు చుట్టూ తిరుగుతుంది కాబట్టి చర్మం కనబడుతుంది, రెండుంటే ఇంకా కనబడుతుంది. పుట్టినప్పటి నుంచీ అంతే. అది నాకు చూడగానే తెలిసింది. అయినా దువ్వెనతో ఎత్తి ఆగాను.

"ఏమైంది ఆంటీ?"

"ఏం లేదులే. మీ నాన్నగారికి జుట్టు ఉందా?"

సీసా తీసుకున్నాడు. తర్వాత రెండు వారాలకొకసారి రావడం మొదలుపెట్టాడు, కత్తిరించుకోవడానికి కాదు, చూపించుకోవడానికి. ఎండాకాలంలో కూడా టోపీ తీసేవాడు కాదు. కొన్నాళ్లకి రావడం మానేశాడు. వాడి ఫ్లాట్‌మేట్ ఒకరోజు హెయిర్‌కట్‌కి వచ్చి చెప్పాడు: "ఏదో వెబ్‌సైట్‌లో ప్రశ్నలకు టిక్కులు పెట్టి టాబ్లెట్లు తెప్పించుకున్నాడు ఆంటీ. ఎవరికీ చెప్పలేదు. రూమ్‌లోంచి బయటికి రావట్లేదు, క్రికెట్ మానేశాడు, ఫోన్ ఎత్తట్లేదు."

టాబ్లెట్ల వల్లనో, భయం వల్లనో నాకు తెలియదు. తెలుసని చెప్పే హక్కు కూడా నాకు లేదు. వాడిని పిలిపించి కూర్చోబెట్టి, వెనకొక అద్దం ముందొక అద్దం పట్టి చూపించాను. "ఒరేయ్, ఇవి సుళ్లురా. నీకు జుట్టు ఊడట్లేదు."

వాడు అద్దంలోంచి నన్ను చూశాడు. "మరి ఆ రోజు మా నాన్న గురించి ఎందుకు అడిగారు?"

 నేను పెట్టిన భయాన్ని నేనే తీసేస్తానంటే కుదరలేదు. చివరికి ఫ్లాట్‌మేట్ తోడు వెళితే జీపీని కలిశాడు, ఆ డాక్టరు టాబ్లెట్లు మాన్పించి కొన్ని నెలలు కనిపెట్టి చూసింది. కోలుకున్నాడు. నా కుర్చీలో మాత్రం మళ్లీ కూర్చోలేదు.

మందులు చెడ్డవని నేను అనడం లేదు. ఇరవై రెండేళ్లకే నిజంగా నుదుటి మీద జుట్టు వెనక్కి జరుగుతున్న పిల్లలు ఉన్నారు. వాళ్లలో కొంతమందికి మందు పనిచేయడం ఈ చేతులతో తడిమి చూశాను. ముందుగా మొదలుపెడితే మేలు, మానేస్తే మళ్లీ పోతుంది, ఒంటికి పడకపోవచ్చు. ఇవన్నీ ఫార్మసిస్ట్‌తోనో డాక్టర్‌తోనో ఎదురుగా కూర్చుని మాట్లాడి తేల్చుకోవాల్సిన సంగతులు. మొదలుపెట్టు అని చెప్పడం మన పని కాదు. వద్దు అని చెప్పడం అసలే మన పని కాదు. ఈ రెండో మాట నేను దీపిక దగ్గర నేర్చుకున్నాను.

దీపిక

దీపిక వాట్‌ఫర్డ్‌లో పుట్టి పెరిగిన పిల్ల. అమ్మానాన్నలది హైదరాబాద్. తెలుగు అంతా అర్థమవుతుంది, జవాబు మాత్రం ఇంగ్లిష్‌లో ఇస్తుంది. పదహారేళ్లప్పటి నుంచీ నా దగ్గరే కత్తిరించుకునేది. అప్పటికి ఇరవై ఆరేళ్లు, ఆఫీసు ఉద్యోగం, ఇంట్లో సంబంధాలు చూస్తున్నారు.

మార్చిలో ఒకరోజు బేసిన్ దగ్గర తల కడుగుతుంటే ఉలిక్కిపడింది. "ఇట్స్ బర్నింగ్, ఆంటీ." నీళ్లు గోరువెచ్చగానే ఉన్నాయి. నడినెత్తి దగ్గర జుట్టు విడదీసి చూశాను. ఒక్కొక్క వెంట్రుక మొదట్లో చుట్టూ ఎర్రగా, పొట్టు పొట్టుగా ఉంది. చుండ్రు అలా ఉండదు. అది చుండ్రు కాదని నాకు తెలుసు. ఏమిటో మాత్రం తెలియదు.

"జీపీకి చూపించావా?"

చూపించానంది. ఆయన ఒక షాంపూ ఇచ్చి, చర్మం డాక్టర్‌కి రెఫర్ చేస్తానన్నాడట. అక్కడ తలమీద చిన్న ముక్క తీసి పరీక్ష చేయొచ్చు, మందులు రాయొచ్చు. "మమ్ ఈజ్ ఫ్రీకింగ్ అవుట్. వాట్ షుడ్ ఐ డూ?"

వాళ్లమ్మ సుజాత అప్పుడే ఫోన్ చేసింది. దీపిక స్పీకర్ పెట్టింది. "మీరే చెప్పుండ్రి లక్ష్మిగారూ. పెండ్లి ముందు తలకు కోతలేంది? ఆ మందులతోని మొఖం ఉబ్బుతదంట. నాకైతే భయమైతుంది."

అద్దం కింద సీసాలు వరసగా ఉన్నాయి. అవతల కుర్చీ దగ్గర్నుంచి డెనీస్ నన్నే చూస్తోంది. నేను అన్నాను, ఈ నోటితోనే అన్నాను: "ఇప్పుడే తొందరెందుకమ్మా? ముందు ఇది వాడి చూడండి. తర్వాత చూద్దాం."

ఆ అమ్మాయి రెఫరల్ వద్దని జీపీ క్లినిక్‌కి ఫోన్ చేసి చెప్పింది. నన్ను నమ్మి చెప్పింది. పదేళ్లుగా తన తల నా చేతుల్లోనే ఉంది కదా.

జూన్‌లో చూస్తే నడినెత్తి మీద ఇరవై పెన్నీల బిళ్లంత చోటు నున్నగా మెరుస్తోంది. మామూలుగా జుట్టు ఊడినచోట చిన్న చిన్న రంధ్రాలు కనబడతాయి, వెంట్రుక మళ్లీ వచ్చే దారులు అవి. ఇక్కడ అవి లేవు. గాజులా ఉంది.  అయినా ఏం చేశానో తెలుసా? పాపిడిని అరంగుళం ఎడమకు జరిపాను. పై పొరల్ని కాస్త పొట్టిగా కత్తిరించి దాని మీద పడేలా చేశాను. ఎంత బాగా కప్పానంటే ఇంటికెళ్లి అద్దంలో చూసుకున్నా తనకే కనబడలేదు.

సెప్టెంబర్‌లో అలాంటివి రెండు కలిసి ఒకటయ్యాయి. ఇంకా బాగా కప్పాను.

నా పనితనం మీద నాకు గర్వం ఉండేది. ఇప్పుడు తలచుకుంటే ఆ చేతులు విరగ్గొట్టాలనిపిస్తుంది. చేతకాని మనిషి కత్తిరించి ఉంటే జూన్‌లోనే బయటపడేది, ఆ పిల్ల జూన్‌లోనే పరుగెత్తి ఉండేది.

"డిడ్ యు నో?"

జనవరిలో వాళ్ల ఆఫీసులో మెట్లు దిగుతుంటే, పైమెట్టు మీదున్న కొలీగ్ ఒకామె "నీ తలకి దెబ్బ తగిలిందా?" అని అడిగిందట. దీపిక ఆ రోజే జీపీకి ఫోన్ చేసింది. రెఫరల్ మళ్లీ మొదటి నుంచి. క్యూలో చిట్టచివర. నా ఒక్క మాటతో పోగొట్టుకున్న చోటు అది. ఆ పిల్ల నెలల తరబడి ఎదురుచూసింది. జుట్టు ఎవరికోసమూ ఎదురుచూడదు.

ఆ ఎదురుచూపుల్లోనే ఒక శనివారం పొద్దున షాపు నిండా జనం ఉండగా లోపలికి వచ్చింది. అరవలేదు. నా కుర్చీ పక్కన నిలబడి అడిగింది.

"డిడ్ యు నో?"

డెనీస్ కత్తెర ఆగింది. నా కుర్చీలో ఉన్న కస్టమర్ అద్దంలోంచి చూస్తోంది.

"లేదమ్మా," అన్నాను. "నాకేం తెలుస్తుంది? నేను డాక్టర్‌ని కాదు కదా."

తను తలూపి వెళ్లిపోయింది. నమ్మింది. అదే ఇంకా ఘోరం.

మూడు వారాల తర్వాత ఫోన్ చేసింది. హాస్పిటల్ అపాయింట్‌మెంట్ వచ్చిందట. ఎప్పుడు మొదలైంది, ఎలా పెరిగింది, ఫొటోలుంటే తీసుకురండి అని లెటర్‌లో రాశారట. "నా దగ్గర ఒక్క ఫొటో కూడా లేదు, ఆంటీ. నా తల పైభాగం చూసేది మీరొక్కరే. మీరు రండి," అంది. ఆ నాలుగు ముక్కలు తెలుగులోనే, కష్టపడి, కూడబలుక్కుని చెప్పింది.

హాస్పిటల్‌లో

వెయిటింగ్ ఏరియాలో సుజాత నన్ను చూసి కూతురి వైపు తిరిగింది. గొంతు తగ్గించింది కానీ నాకు వినబడింది. "డాక్టరు దగ్గరికి మంగలామెను తోల్కొస్తరా ఎవరన్న?"

దీపిక ఇంగ్లిష్‌లో ఒక్కటే మాట అంది, ఆమె లోపలికి రాకపోతే నేనూ రాను అని.

డాక్టరు నడివయసు ఆవిడ, నిదానంగా మాట్లాడుతుంది. భూతద్దం లాంటిది పెట్టి చాలాసేపు చూసింది. తర్వాత చెప్పింది: ఇది జుట్టు మొదళ్లను ఒంటిలోని రోగనిరోధక శక్తే కాల్చేసే జబ్బు, కాలినచోట మచ్చ కడుతుంది, మచ్చ కట్టినచోట ఇక జుట్టు రాదు. పాకకుండా ఆపడానికి మందులున్నాయి. పోయింది మాత్రం పోయినట్టే.

సుజాత చీర కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది. 

"మంట మొదట ఎప్పుడు?" డాక్టరు అడిగింది. దీపిక నా వైపు చూసింది.

అప్పుడు చెప్పాను. ముందు వచ్చీరాని మాటలుగా, తర్వాత ఆగకుండా. మార్చిలో వెంట్రుకల మొదట్లో ఎరుపు, పొట్టు. జూన్‌లో ఇంత చోటు, వేలితో చూపించాను, నున్నగా, రంధ్రాలు లేకుండా. సెప్టెంబర్‌లో రెండూ కలిశాయి, కలిసిన అంచు ఇదిగో ఇటువైపు. డాక్టరు గబగబా రాసుకుంటోంది. రాస్తూ రాస్తూ ఆగి తలెత్తింది.

"ఇదంతా మీరు అప్పుడే గమనించారా?"

డాక్టరు ముఖంలో నింద లేదు. మామూలు ప్రశ్న. "లేదు, ఇప్పుడు ఆలోచిస్తే గుర్తొస్తోంది" అంటే సరిపోయేది. ఆ అబద్ధం నాలుక చివర దాకా వచ్చింది కూడా.

"అవును," అన్నాను. "చూశాను. తెలిసే కప్పేశాను. డాక్టర్ దగ్గరికి వెళ్లొద్దన్నది కూడా నేనే."

 సుజాత కుర్చీలోంచి లేచింది. "నీకేం చెడుపు చేసినం మేము? నా బిడ్డ తల పాడుచేస్తివి గదా!"

దీపిక తల్లి వైపు తిరగకుండానే అంది: "యూ ఆల్సో టోల్డ్ మీ నాట్ టు గో, మమ్." సుజాత అలాగే కూర్చుండిపోయింది.

నన్ను మాత్రం దీపిక ఒక్క మాట కూడా అనలేదు. తిట్టి ఉంటే బాగుండేది.

డెనీస్‌తో ఆఖరి మాట

మర్నాడు షాపు తెరవకముందే డెనీస్‌కి జరిగింది చెప్పాను. ఆమెకు నిజంగానే బాధ కలిగింది, కాదనను. కానీ అన్నది ఇది: "నిన్ను నువ్వు నిందించుకోకు, లకీ. మనం డాక్టర్లం కాదు. జబ్బులు చెప్పడం మన పని కాదు."

పదిహేనేళ్లలో మొదటిసారి ఆమె మీద అరిచాను. "మరి దువ్వెన ఎత్తి మూడు లెక్కపెట్టమన్నావే, అదేంటి? భయపెట్టేటప్పుడు డాక్టర్లం, నిజం చెప్పాల్సి వచ్చేసరికి హెయిర్‌డ్రెస్సర్లమా? ఏమీ లేని కుర్రాడికి జబ్బుందని నమ్మించాం. జబ్బున్న పిల్లకి ఏమీ లేదని నమ్మించాం. రెండుసార్లూ అమ్మింది ఒకటే సీసా!"

నా ఇంగ్లిష్‌లో తప్పులు దొర్లి ఉంటాయి. డెనీస్‌కి అర్థమైంది మాత్రం స్పష్టంగా కనబడింది. సీసాలు తీసేస్తావా అన్నాను. ఆలోచిస్తానంది. నా కత్తెరలు సర్దుకుని వచ్చేశాను. ఆ సీసాలు అద్దాల కింద ఇంకా ఉన్నాయని విన్నాను.

తర్వాత మానేసే దాకా, రెండు వీధుల అవతల ఒక చిన్న షాపులో కుర్చీ అద్దెకు తీసుకుని పనిచేశాను. నా కుర్చీలో తల మీద ఏం కనబడితే అది అప్పుడే చెప్పాను. ఫోన్‌తో ఫొటో తీసి వాళ్ల చేతికే ఇచ్చి, "దీని పేరు నాకు తెలియదు, జీపీకి ఈ ఫొటో చూపించు" అన్నాను. కొందరికి కోపం వచ్చింది. నువ్వెవరు చెప్పడానికి అన్నారు. ఇద్దరు మళ్లీ రాలేదు. రాకపోతే పోనివ్వండి. మీ దగ్గరికీ రాకపోతారు, పోనివ్వండి.

ఇంకో సంగతి. ఏమీ లేనప్పుడు "ఏమీ లేదు" అని కూడా నోరు తెరిచి చెప్పండి. ఇరవై ఏళ్ల పిల్లలు ఆ మాట కోసం అద్దంలో మన ముఖాన్ని ఎలా వెతుక్కుంటారో మీకు తెలియదు.

తర్వాత

ఆ రోజు హాస్పిటల్ నుంచి దీపిక నన్ను స్టేషన్ దాకా కార్లో దింపింది. సుజాత వెనక సీట్లో కూర్చుంది.  నేను దిగి తలుపు వేయబోతుంటే దీపిక అద్దం దించింది.

"ఐయామ్ నాట్ ఓకే విత్ యూ, ఆంటీ."

"వద్దమ్మా. ఉండక్కర్లేదు."

"నెక్స్ట్ అపాయింట్‌మెంట్ ఈజ్ ఇన్ నవంబర్. యూ హావ్ టు కమ్."

వెళ్లాను. అప్పటి నుంచీ ప్రతిసారీ వెళుతున్నాను. తలమీద సూదులు వేశారు, పూయడానికి మందు ఇచ్చారు, టాబ్లెట్లు ఇచ్చారు. మొదట్లో ఏదీ పట్టలేదు, మార్చారు. జుట్టు కత్తిరించుకోవడానికి దీపిక ఇప్పుడు వాట్‌ఫర్డ్‌లో వేరే అమ్మాయి దగ్గరికి వెళుతుంది, అది సబబే. పెళ్లి సంగతి అడక్కండి. నేను అడగలేదు.

నా పని అపాయింట్‌మెంట్‌కి అరగంట ముందు. హాస్పిటల్ కెఫేలో కిటికీ పక్కన కూర్చుంటాం. తను క్లిప్పు తీసి తల వంచుతుంది. నేను పాత ఫొటో పక్కన పెట్టుకుని, దువ్వెన కొనతో అంచు చుట్టూ ఒక్కొక్క పాయా విడదీసి చూస్తాను. ఎవరు చూస్తున్నా సరే. సుజాత ఎదురు కుర్చీలో కాఫీ ముట్టకుండా నా ముఖం వైపే చూస్తుంటుంది.

పోయిన నెల చూడటం పూర్తిచేసి, దువ్వెన బల్ల మీద పెట్టాను.

"మచ్చ పెరగలేదు," అన్నాను. "వెంట్రుకంత కూడా పెరగలేదు." సుజాతకి సరిగ్గా వినబడలేదేమోనని మళ్లీ చెప్పాను, గట్టిగా, పక్క టేబుల్ వాళ్లు తిరిగి చూసేంత గట్టిగా.